పొగ లేని నిప్పు ఉంటుందా?

నిప్పు లేనిదే పొగ రాదు. ఈ సామెత అందరికీ తెలిసిందే. మరి పొగ రాని నిప్పు ఉంటుందా?

ఉంటుంది. పొయ్యి దగ్గర కూర్చునే ఆడవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

పచ్చి కట్టె పెడితే పొగే పొగ. కళ్లు మండుతాయి. దగ్గు వస్తుంది. ఎండు కట్టె పెడితే పొగ కొంచెం తక్కువ. అదే కట్టె బొగ్గు వేసి కుంపటి రాజేస్తే? కాసేపటికి నిప్పు ఎర్రగా కణకణలాడుతుంది. పొగ కనపడదు.

బొగ్గు వచ్చింది కట్టె నుంచే. కట్టెకు పొగ ఉంది. బొగ్గుకు లేదు. ఎందుకని?

బొగ్గుల బట్టీ చూసినవారికి జవాబు తెలుసు. కట్టెలు పేరుస్తారు. పైన మట్టి కప్పుతారు. లోపల నిప్పు పెడతారు. గాలి ఎక్కువ తగలనివ్వరు. అప్పుడు కట్టె భగభగ మండదు. లోలోపల మగ్గుతుంది. కట్టెలోని నీరు, జిగురు, పొగ అన్నీ అక్కడే బయటికి పోతాయి. మిగిలింది బొగ్గు.

అంటే వంటింట్లో రావలసిన పొగ బట్టీ దగ్గరే వచ్చేసింది. పొగ మాయం కాలేదు. చోటు మారింది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. చివర్లో దీనితో పని ఉంది.

రాక్షసి బొగ్గు

బొగ్గు రెండు రకాలు. కట్టెను కాలిస్తే వచ్చేది కట్టె బొగ్గు. భూమిలోంచి తవ్వి తీసేది నేల బొగ్గు. దీన్నే రాక్షసి బొగ్గు అంటారు.

కోట్ల ఏళ్ల కిందట పెద్ద పెద్ద చెట్లు నీళ్లలో, బురదలో కూరుకుపోయాయి. వాటి మీద మట్టి పొరలు పడ్డాయి. బరువుకు, వేడికి ఆ చెట్లే మెల్లగా రాయిలాంటి బొగ్గుగా మారాయి.

తెలంగాణలో ఈ బొగ్గు గోదావరి లోయలో ఉంది. 1871లో డాక్టర్ కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. దగ్గర్లోని సింగరేణి ఊరి పేరే 1920లో కంపెనీకి వచ్చింది. ఇల్లెందు, కొత్తగూడెం, గోదావరిఖని, మంచిర్యాల, భూపాలపల్లి ప్రాంతాల్లో ఎన్నో కుటుంబాలు బొగ్గు బాయి మీదే బతికాయి.

ఈ బొగ్గు ఎక్కడికి పోతుంది? ఎక్కువ భాగం కరెంటు తయారుచేసే కేంద్రాలకే పోతుంది. అక్కడ బొగ్గును పిండిలా విసురుతారు. పెద్ద కొలిమిలో మండిస్తారు. ఆ వేడికి నీళ్లు ఆవిరవుతాయి. ఆ ఆవిరి పెద్ద చక్రాన్ని తిప్పుతుంది. చక్రం తిరిగితే కరెంటు పుడుతుంది.

ఒక చిన్న లెక్క చూడండి. 100 వాట్ల బల్బు పది గంటలు వెలిగితే ఒక యూనిట్ కరెంటు ఖర్చవుతుంది. ఆ ఒక్క యూనిట్ కోసం మన దేశంలో సుమారు 600 నుంచి 700 గ్రాముల బొగ్గు మండించాలి. కరెంటు బిల్లులో ఎన్ని యూనిట్లు ఉన్నాయో చూసుకోండి. ఇంటికి నెలకు ఎంత బొగ్గు కాలుతోందో మీరే లెక్క కట్టవచ్చు.

బొగ్గులో ఏముంది?

బొగ్గులో బాగా మండే పదార్థం కర్బనం. అది ఒక్కటే ఉంటే బాధ తక్కువే. దానితోపాటు నీరు, తారులాంటి జిగురు, గంధకం, మట్టి కూడా ఉంటాయి.

మట్టి మండదు. బూడిదగా మిగులుతుంది. మన దేశపు బొగ్గులో బూడిద ఎక్కువ. కరెంటు కేంద్రాలకు పోయే బొగ్గులో వంద కిలోలకు 30 నుంచి 45 కిలోల దాకా బూడిదే ఉంటుంది. అందులో బరువైనది కొలిమి అడుగున పడుతుంది. సన్నటిది పొగతో పైకి లేస్తుంది. పొగగొట్టంలోకి పోకముందే దాన్ని పట్టే యంత్రాలు ఉన్నాయి. అవి సరిగ్గా పనిచేయకపోతే ఆ బూడిద చుట్టుపక్కల ఊళ్ల మీద పడుతుంది. ఆరేసిన బట్టల మీద, పంటల మీద, తాగే నీళ్ల మీద పడుతుంది.

గంధకం మండితే ఘాటైన గాలి వస్తుంది. గొంతు పట్టేస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి ఊపిరాడదు. మన బొగ్గులో గంధకం తక్కువే. అయినా కాలే బొగ్గు చాలా ఎక్కువ కాబట్టి ఆ గాలీ ఎక్కువే.

ఇక నల్లటి మసి ఏమిటి? అది పూర్తిగా కాలని బొగ్గే. మసి ఎక్కువ వచ్చిందంటే బొగ్గు వృథా అయిందని అర్థం.

అందుకే శాస్త్రవేత్తలు ఒక ప్రశ్న వేసుకున్నారు. బొగ్గును ఉన్నదున్నట్టు మండించకుండా, ముందే శుభ్రం చేసి మండిస్తే? పప్పులో రాళ్లను వండకముందే ఏరుతాం కదా. ఉడికాక ఏరలేం. ఇదీ అంతే.

బొగ్గును శుభ్రం చేసే పద్ధతులు ముఖ్యంగా నాలుగు. కడగడం. మగ్గబెట్టడం. గ్యాసు చేయడం. నూనె చేయడం.

మొదటి పద్ధతి: కడగడం

వరి విత్తనాలను ఉప్పు నీళ్లలో వేసి చూసే పద్ధతి రైతులకు తెలుసు. తాలు గింజ తేలుతుంది. గట్టి గింజ మునుగుతుంది. బొగ్గును కడగడం కూడా ఇలాంటిదే. కాకపోతే ఇక్కడ తేలేదే మంచిది. బొగ్గు తేలిక. రాయి బరువు. నీళ్లలో సన్నటి ఇనుప రాతి పొడి కలుపుతారు. నీళ్లు చిక్కబడి బరువెక్కుతాయి. అందులో బొగ్గు వేస్తే మంచి బొగ్గు తేలుతుంది. రాయి, మట్టి మునుగుతాయి.

దీనివల్ల బూడిద తగ్గుతుంది. రైలు బండ్లలో రాళ్లు మోసే ఖర్చు మిగులుతుంది. అయితే బొగ్గు లోపల కలిసిపోయిన మట్టి కడిగితే పోదు. కడిగిన మురికి నీళ్లను కూడా శుభ్రం చేయాలి. వాగులోకి వదిలేస్తే వాగు పాడవుతుంది.

1997లో కేంద్ర ప్రభుత్వం ఒక నియమం తెచ్చింది. గనికి 1000 కిలోమీటర్లకన్నా దూరంలో ఉన్న కరెంటు కేంద్రాలకు పంపే బొగ్గులో బూడిద 34 శాతం మించకూడదు అన్నది. తర్వాత ఆ దూరాన్ని 500 కిలోమీటర్లకు తగ్గించింది. 2020లో ఆ నియమాన్నే తీసేసింది.

రెండో పద్ధతి: మగ్గబెట్టడం

ఇది బొగ్గుల బట్టీ పద్ధతే. గాలి తగలకుండా నేల బొగ్గును వేడి చేస్తారు. తారు, గ్యాసు బయటికి వస్తాయి. మిగిలిన గట్టి బొగ్గు పొగ లేకుండా కాలుతుంది. ఇనుము తయారుచేసే కొలుములకు ఇలాంటి బొగ్గు కావాలి. దాన్ని కోక్ అంటారు. విశాఖ ఉక్కు కర్మాగారంలో ఈ పని జరుగుతుంది.

ఈ పద్ధతిలో బయటికి వచ్చే గ్యాసును పారేయరు. ఇంగ్లండులో 1792లో విలియం మర్డాక్ అనే ఇంజనీరు ఆ గ్యాసుతో తన ఇంట్లో దీపాలు వెలిగించాడు. తర్వాత పెద్ద పట్నాల వీధి దీపాలు దానితోనే వెలిగాయి. మన కలకత్తా వీధుల్లో 1857లో గ్యాసు దీపాలు వచ్చాయి. అప్పటికి కరెంటు దీపాలు లేవు.

హైదరాబాదులోని ప్రాంతీయ పరిశోధనా ప్రయోగశాల కూడా మన బొగ్గును మగ్గబెట్టి ఇళ్లలో వాడే పొగ లేని బొగ్గు చేయడం మీద పనిచేసింది. ఆ ప్రయోగశాల ఇప్పుడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థ. అది తార్నాకలో ఉంది.

మూడో పద్ధతి: గ్యాసు చేయడం

మగ్గబెడితే బొగ్గులో కొంత భాగమే గ్యాసు అవుతుంది. బొగ్గు మొత్తాన్నీ గ్యాసుగా మార్చవచ్చా? మార్చవచ్చు.

పెద్ద ఇనుప కొలిమిలో బొగ్గు వేస్తారు. చాలినంత గాలి ఇవ్వరు. కొంచెం గాలి, దానితోపాటు నీటి ఆవిరి పంపుతారు. బొగ్గు బాగా ఎర్రబడుతుంది. అప్పుడు బొగ్గులోని కర్బనం ఆవిరితో కలిసి రెండు రకాల గ్యాసులుగా మారుతుంది. ఒకటి హైడ్రోజన్. రెండోది కార్బన్ మోనాక్సైడ్. రెండూ మండే గ్యాసులే. మట్టి బూడిదగా అడుగున మిగులుతుంది.

గంధకం కూడా ఈ గ్యాసులోకే వస్తుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. దాన్ని మందు ద్రావకంతో కడిగి తీసేస్తారు. మసిని, దుమ్మును కూడా కడుగుతారు. మండకముందు గ్యాసు కొంచెమే ఉంటుంది. మండాక వచ్చే పొగ దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. కొంచెం ఉన్నప్పుడు కడగడం తేలిక. ఇదే ఈ పద్ధతిలోని కిటుకు.

ఇలా కడిగిన గ్యాసు శుభ్రంగా మండుతుంది. కరెంటు కేంద్రంలో ఆ మంట వేడికి మొదటి చక్రం తిరుగుతుంది. మిగిలిన వేడితో నీళ్లు కాగి ఆవిరవుతాయి. ఆ ఆవిరితో రెండో చక్రం తిరుగుతుంది. ఒకే పొయ్యి మీద కింద అన్నం, పైన ఆవిరికి కుడుములు ఉడికినట్టు అన్నమాట. తమిళనాడులోని తిరుచిరాపల్లిలో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ సంస్థ 1980లలో ఇలాంటి చిన్న కేంద్రం కట్టి పరీక్షించింది.

ఇంజన్లు కూడా ఈ గ్యాసుతో నడుస్తాయి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరకలేదు. అప్పుడు మన ఊళ్లలో బొగ్గు బస్సులు తిరిగాయి. బస్సుకు ఒక పెద్ద ఇనుప డ్రమ్ము కట్టేవారు. అందులో కట్టె బొగ్గు వేసి రాజేసేవారు. క్లీనరు చేత్తో చక్రం తిప్పి గాలి కొట్టేవాడు. గ్యాసు తయారయ్యాక గానీ బస్సు కదిలేది కాదు. ఎత్తు వస్తే జనం దిగి నెట్టేవారు. పాతతరం వాళ్లను అడిగితే ఈ కథలు ఇప్పటికీ వినవచ్చు.

రామగుండంలోనూ ఈ పద్ధతి వాడారు. అక్కడి ఎరువుల కర్మాగారం 1980లో యూరియా తయారీ మొదలుపెట్టింది. బొగ్గును గ్యాసు చేసేవారు. గ్యాసులోంచి హైడ్రోజన్ తీసేవారు. దానితో అమ్మోనియా, అమ్మోనియాతో యూరియా చేసేవారు. కానీ నష్టాలు పెరిగాయి. 1999లో ఉత్పత్తి ఆగిపోయింది. అక్కడ కట్టిన కొత్త కర్మాగారం 2021లో పని మొదలుపెట్టింది. కానీ అది బొగ్గుతో నడవదు. పైపుల్లో వచ్చే సహజ వాయువుతో నడుస్తుంది.

నాలుగో పద్ధతి: నూనె చేయడం

బొగ్గు గ్యాసును పెట్రోలు, డీజిలుగా కూడా మార్చవచ్చు. 1920లలో జర్మనీలో ఫిషర్, ట్రాప్ష్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని కనిపెట్టారు. జర్మనీలో బొగ్గు ఉంది. నేలలో చమురు దాదాపు లేదు. అందుకే వాళ్లకు ఈ ఆలోచన వచ్చింది. ఇలా చేసిన డీజిలులో గంధకం దాదాపు ఉండదు. మసి కూడా తక్కువ.

దక్షిణాఫ్రికా దీన్ని అందరికన్నా పెద్ద ఎత్తున చేసింది. అక్కడి సాసోల్ కంపెనీ 1950లో పుట్టింది. 1955లో బొగ్గు నుంచి నూనె తీయడం మొదలుపెట్టింది. ఆ రోజుల్లో అక్కడి ప్రభుత్వం నల్లవారిని అణచివేసింది. అందుకని చాలా దేశాలు దానికి చమురు అమ్మడం మానేశాయి. అప్పుడు ఆ ప్రభుత్వం సెకుండా అనే చోట ఇంకా పెద్ద కర్మాగారాలు కట్టించింది.

బొగ్గు గ్యాసు నుంచి మిథనాల్ అనే ద్రవం కూడా చేయవచ్చు. అది స్పిరిట్ లాంటిది. చైనాలో దీన్ని పెద్ద ఎత్తున చేస్తున్నారు. పెట్రోలులో కలిపి ఇంజన్లలో వాడవచ్చు. మన దేశంలో 2022లో అస్సాంలోని తిన్‌సుకియాలో మిథనాల్ కలిపిన పెట్రోలును ప్రయోగంగా అమ్మారు.

హైదరాబాదులో కూడా ఒక ప్రయోగం జరిగింది. భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ సంస్థ మన దేశపు బూడిద బొగ్గుతోనే మిథనాల్ తీసి చూపింది. 2022లో ఆ చిన్న కర్మాగారాన్ని దేశానికి అంకితం చేశారు. అందులో రోజుకు 1200 కిలోల బొగ్గును గ్యాసు చేయవచ్చు. రోజుకు 250 కిలోల మిథనాల్ వస్తుంది. 2030 నాటికి ఏడాదికి 10 కోట్ల టన్నుల బొగ్గును గ్యాసుగా మార్చాలని కేంద్ర ప్రభుత్వం అనుకుంది. దానికి 2024లో 8,500 కోట్ల రూపాయల పథకం ఒప్పుకుంది.

ప్రాణం తీసే రెండు

ఇక్కడ రెండు జాగ్రత్తలు తెలుసుకోవాలి. ఇవి కర్మాగారాలకే కాదు. ఇళ్లకు కూడా కావాలి.

ఒకటి, కార్బన్ మోనాక్సైడ్. కర్మాగారంలో అది ఇంధనం. ఇంట్లో అది విషం. దానికి రంగు లేదు. వాసన లేదు. గాలి చాలక బొగ్గు సరిగ్గా మండనప్పుడు పుడుతుంది. చలికాలంలో కొందరు తలుపులు మూసి, గదిలో కుంపటి పెట్టుకుని పడుకుంటారు. బాలింత గదిలోనూ అలాగే పెడతారు. పొగ లేదు కదా, భయం లేదు అనుకుంటారు. కానీ పొగ కనపడకపోయినా విషం ఉంటుంది. తల తిరుగుతుంది. తల నొస్తుంది. వాంతి వచ్చినట్టు ఉంటుంది. నిద్రలో ఉన్నవాళ్లకు అదీ తెలియదు. నిద్రలోనే ప్రాణం పోతుంది.

అందుకే మూసిన గదిలో కుంపటి పెట్టవద్దు. ఎవరైనా అలా పడిపోతే ముందు తలుపులు, కిటికీలు తెరవాలి. మనిషిని ఆరుబయటకు తేవాలి. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

రెండోది, మిథనాల్. కల్తీ సారా తాగి చూపు పోయినవాళ్ల గురించి, చనిపోయినవాళ్ల గురించి వింటుంటాం. చాలాసార్లు ఆ సారాలో కలిసింది మిథనాలే. చూడటానికి నీళ్లలా ఉంటుంది. కొంచెం తాగినా కళ్లు పోతాయి. ఇంజనుకు పనికొచ్చేది మనిషికి విషం. అది ఎక్కడ తయారైనా, ఎక్కడ నిలవ ఉన్నా తాళం, కాపలా, లెక్క ఉండాలి.

మరి అంతా శుభ్రమైందా?

బట్టీ దగ్గర చెప్పుకున్న మాట గుర్తుందా? పొగ మాయం కాలేదు, చోటు మారింది.

బొగ్గును కడిగినా, గ్యాసు చేసినా, నూనె చేసినా అందులోని కర్బనం ఎక్కడికీ పోదు. చివరికి మండి బొగ్గుపులుసు వాయువు అవుతుంది. అది కళ్లకు కనపడదు. గొంతు పట్టదు. కానీ గాలిలో పేరుకుపోయి భూమిని వేడెక్కిస్తుంది. ఎండలు ముదరడానికి, వానలు కాలం తప్పడానికి అదొక పెద్ద కారణం. బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు చేస్తే సుమారు ఒక కిలో బొగ్గుపులుసు వాయువు వస్తుంది.

బొగ్గును నూనెగా మార్చడానికి కూడా బొగ్గే ఖర్చవుతుంది. నీళ్లు కూడా చాలా కావాలి. అందుకే బొగ్గు నూనె వాడితే బండి దగ్గర మసి తగ్గుతుంది, కర్మాగారం దగ్గర బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. ఒకే చోటు నుంచి ఇలాంటి వాయువును ప్రపంచంలో అత్యంత ఎక్కువగా వదిలే కర్మాగారాల్లో సెకుండా ఒకటి.

ఆ వాయువును పట్టి భూమి లోపలికి పంపే ప్రయత్నాలు ఉన్నాయి. కానీ ఖర్చు చాలా ఎక్కువ. అమెరికాలోని మిసిసిపి రాష్ట్రంలో కెంపర్ అనే చోట అలాంటి కరెంటు కేంద్రం కట్టారు. 700 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. అయినా బొగ్గును గ్యాసు చేసే పని కుదరలేదు. 2017లో ఆపేశారు. ఇప్పుడది సహజ వాయువుతో నడుస్తోంది.

అలాగని ఈ పద్ధతులు దండగ అనలేం. మసి తగ్గితే పిల్లల ఊపిరి నిలుస్తుంది. గంధకం తగ్గితే ఉబ్బసం వాళ్లకు మేలు. బూడిద తగ్గితే బూడిద చెరువు పక్కన ఉన్న ఊరికి మేలు. మిగిలిన బూడిదతో ఇటుకలు, సిమెంటు చేయవచ్చు. కానీ శుభ్రమైన బొగ్గు అని ఎవరైనా అంటే ఒక్కసారి ఆగి అడగాలి. ఏది శుభ్రమైంది? ఎవరి దగ్గర శుభ్రమైంది? తీసిన మురికి ఎక్కడ పెట్టారు?

వంటింటి పొగ గురించి అడిగే హక్కు ఆడవాళ్లకు ఎలా ఉందో, పొగగొట్టం పొగ గురించి అడిగే హక్కూ అలాగే ఉంది. కొత్త కర్మాగారం గానీ గని గానీ వచ్చేటప్పుడు చాలాచోట్ల ప్రజాభిప్రాయ సేకరణ సభ పెడతారు. ఆ సభకు ఎవరైనా పోవచ్చు. కాగితం మీద రాసి ఇవ్వవచ్చు. సంతకం పెట్టడం వచ్చినవాళ్లు, ముందు ఆ కాగితంలో ఏం రాసి ఉందో చదవాలి. ఆ తర్వాతే సంతకం పెట్టాలి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో ఏ పొయ్యి ఉంది? పొగ ఎటు పోతుంది? ఆ పొగ ఎవరు ఎక్కువ పీలుస్తున్నారు?

2. పోయిన నెల మీ ఇంటికి ఎన్ని యూనిట్ల కరెంటు కాలింది? దానికి ఎన్ని కిలోల బొగ్గు కావాలి? లెక్క వేయండి.

3. మూసిన గదిలో కుంపటి ఎందుకు పెట్టకూడదు? ఈ సంగతి మీ వాడలో ఎంతమందికి తెలుసు? తెలియని వాళ్లకు చెప్పండి.

4. మీ ఊరి దగ్గర గని, కరెంటు కేంద్రం, ఇటుక బట్టీ ఏదైనా ఉందా? దాని బూడిద, మురికి నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? నలుగురు కలిసి వెళ్లి చూసి రండి.